బెర్నియర్ చూసినది, విన్నది

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునే వాళ్లము. మొగలాయిల పాఠం వచ్చిన రోజున ఎవరో ఒక పిల్లవాడు లేచి, "మాస్టర్ సాబ్, ఇవన్నీ ఎవరు చూశారు?" అని అడుగుతాడు. మంచి ప్రశ్న. అలా చూసిన ఒకాయన గురించి నాలుగు మాటలు మనవి చేస్తాము.

ఫ్రాన్స్వా బెర్నియర్ ఫ్రెంచి వైద్యుడు. 1658 చివర సూరత్ రేవులో దిగాడు. షాజహాన్ కొడుకులు తఖ్తు కోసం పోరాడుకుంటున్న రోజులవి. ఓడిపోయి పోతున్న దారా షికో దారిలో కలిస్తే, ఆయన బేగముకు వైద్యం చేశాడు. తరువాత ఢిల్లీలో దానిష్‌మంద్ ఖాన్ అనే అమీరు కొలువులో ఏళ్ల తరబడి ఉన్నాడు. ఔరంగజేబు కాశ్మీరు వెళితే తానూ వెళ్లాడు. 1667లో మన గోల్కొండకూ వచ్చాడు. 1670లో ఆయన గ్రంథం పారిస్‌లో అచ్చు కావడం మొదలైంది.

1659లో దారాను పట్టి తెచ్చి, ముతక బట్టలతో, మురికిపట్టిన ఏనుగు మీద ఢిల్లీలో ఊరేగించారు. బెర్నియర్ గుర్రమెక్కి ఆ బజారులోనే నిలబడ్డాడు. జనమంతా బోరున ఏడ్చారు, కాని ఒక్కరూ కత్తి దూయలేదు అని వ్రాశాడు. ఇది కళ్లారా చూసినది.

అదే పుస్తకంలో, భూమి అంతా పాదుషాదే, ప్రజలకు సొంత ఆస్తి లేదు అనీ వ్రాశాడు. ఇది ఫ్రాన్సు మంత్రి కోల్బెర్‌కు వ్రాసిన ఉత్తరంలోని మాట. తమ దేశం ఆ దారి పట్టకూడదని ఆయన తాపత్రయం. కాని జమీందారీ హక్కులు కొన్నట్లు, అమ్మినట్లు ఆనాటి ఫార్సీ దస్తావేజులు నేటికీ ఉన్నాయి. కాబట్టి చూసినవాడు చెప్పిందల్లా చూసిన మాట కాదు.

ఇంకొకటి. ఔరంగజేబు తన పాత గురువును నిలదీశాడట. వ్యాకరణంతో ఏళ్లు గడిపించారు, ఇరుగు పొరుగు దేశాల సంగతి ఏం నేర్పారు అని. ఆ మాటలు బెర్నియర్ స్వయంగా విన్నవి కావు. అయినా చదివినప్పుడు మా ఉపాధ్యాయులకు చురుక్కుమంటుంది! దానిష్‌మంద్ ఖాన్ మాత్రం అంత పెద్ద హోదాలో ఉండి కూడా, శరీరంలో రక్తం ఎలా తిరుగుతుందో హార్వే కనుగొన్న సంగతి బెర్నియర్ చేత చెప్పించుకున్నాడు.

సోదరులారా, మొగలాయిలను పొగడటానికైనా, తిట్టడానికైనా, "ఫలానా ప్రయాణికుడు వ్రాశాడు" అని మన పిల్లల ముందు ఎవరో ఒకరు పుస్తకం చూపిస్తారు. కోపం వద్దు, పొంగిపోవడమూ వద్దు. ఇది ఆయన చూశాడా, విన్నాడా, ఎవరి కోసం వ్రాశాడు అని మన పిల్లలు అడగాలి. ఆ అలవాటు బడిలో మేము నేర్పుతాము. ఇంట్లో పిల్లవాడు ప్రశ్న వేస్తే, "నోర్మూసుకో" అనకండి. మా కోరిక ఇంతే.