హార్మోన్ చికిత్స, మెదడు సునమ్యత: ఒక తల్లి ప్రశ్నకు సమాధానం

(ఆరోగ్య అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వైద్యురాలిని కాను. నగరపాలికలో మరాఠీ పత్రాలను తెలుగులోకి తెచ్చే అనువాదకురాలిని. ఈ విషయం మీద మాట్లాడటానికి నాకున్న అర్హత ఒక్కటే: ఒకనాడు ఒక తల్లికి ఇవ్వవలసిన సమాధానాన్ని సరిగా ఇవ్వలేకపోయాను.

కొంతకాలం క్రిందట మన షోలాపూర్‌లో జరిగిన ఒక ఆరోగ్య శిబిరంలో మరాఠీ వైద్యునికీ తెలుగు కుటుంబాలకూ నడుమ దుబాసీగా కూర్చున్నాను. బీడీలు చుట్టి సంసారం నెట్టుకొస్తున్న ఒక తల్లి వచ్చింది. కొడుకుగా పెరిగిన ఆమె పెద్ద సంతానం తాను స్త్రీనని ఇంట్లో చెప్పి, హార్మోన్ చికిత్సకు సిద్ధమవుతున్నది. తల్లి అడిగింది: “ఆ మందులు తింటే మా పెద్దోని మెదడు మారిపోతదా బిడ్డా? మమ్ముల మరిచిపోతడా?”

వైద్యుడు శ్రద్ధగానే వివరించాడు. ఆ వివరణలో ‘ప్లాస్టిసిటీ’ అనే మాట వచ్చింది. నేను ‘సునమ్యత’ అన్నాను. నిఘంటువు ప్రకారం అందులో తప్పు లేదు. కాని వైద్యుని నోట ‘ప్లాస్టిక్’ అని వినబడిన ఆమెకు నా ‘సునమ్యత’ ఏ మాత్రం ధైర్యమివ్వలేదు. ఆనాటి బాకీని ఈనాడు మీ సమక్షంలో తీర్చదలచాను.

ముందుగా మాట సంగతి. ‘ప్లాస్టిక్’ అనే పదానికి మూలం గ్రీకు భాష. మట్టిని మలచినట్లు మలచుట అని దాని అర్థం. సంచులూ బకెట్లూ ఆ పేరు పెట్టుకున్నది ఆ తరువాతనే. మెదడుకు సునమ్యత ఉన్నదంటే, అనుభవాన్ని బట్టి, అభ్యాసాన్ని బట్టి, శరీర స్థితిని బట్టి అది తన అల్లికను సవరించుకోగలదని భావం. మగ్గం దించిన బట్టలో పోగు మార్చలేము. మెదడు దించిన బట్ట కాదు; జీవితాంతం నేత సాగుతూనే ఉంటుంది.

ఈ నేతలో హార్మోన్లకు భాగమున్నది. ఈస్ట్రోజన్, టెస్టోస్టిరోన్ రక్తంలో ప్రయాణించి మెదడును చేరుతాయి. వాటిని గుర్తించి స్వీకరించే గ్రాహకాలు అక్కడి కణాలలో ఉన్నాయి. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో ఫెర్నాండో నాటెబామ్ కెనరీ పక్షులను పరిశీలించి, మగపక్షి మెదడులో పాటను నడిపే భాగాలు వసంతంలో పెరిగి, ఆ ఋతువు గడిచాక తగ్గుతాయని 1981లో ప్రకటించాడు. అదే విశ్వవిద్యాలయంలో కేథరిన్ వూలీ, బ్రూస్ మెకెవెన్ తదితరులు 1990లో మరొక సంగతి చూపారు. ఎదిగిన ఆడ ఎలుకల మెదడులో, జ్ఞాపకానికి ముఖ్యమైన హిప్పోకాంపస్ అనే భాగంలో, నాడీకణాల కొమ్మల మీది సూక్ష్మమైన ముళ్ళు నాలుగైదు రోజుల ఋతుచక్రంతో పాటు పెరుగుతూ తరుగుతూ ఉన్నాయి. మెదడు పెద్దయ్యాక మారదనే పాత నమ్మకం ఇట్టి పరిశోధనలతోనే సడలినది.

ఇక మనుషుల సంగతి. 2006లో ప్రచురితమైన ఒక పరిశోధనలో నెదర్లాండ్స్‌కు చెందిన హల్షాఫ్ పోల్ బృందం ఎనిమిదిమంది ట్రాన్స్ స్త్రీలకు, ఆరుగురు ట్రాన్స్ పురుషులకు చికిత్సకు ముందు ఒకసారి, నాలుగు నెలల తరువాత మరొకసారి ఎం.ఆర్.ఐ. తీసి పోల్చింది. ఈస్ట్రోజన్‌తో పాటు పురుష హార్మోన్లను అణచే మందు తీసుకున్నవారి మెదడు పరిమాణం కొద్దిగా తగ్గింది. టెస్టోస్టిరోన్ తీసుకున్నవారిలో కొద్దిగా పెరిగింది. అంటే ఆ తల్లి అనుమానంలో ఒక సత్యమున్నది: మెదడు మారుతుంది. దానిని దాచవలసిన పని లేదు.

అయితే ఆ మార్పుకు మనం ఏ అర్థం చెప్పుకోవాలి? మూడు సంగతులు మనవి చేస్తాను.

మొదటిది, పరిశోధనలో పాల్గొన్నది పధ్నాలుగుమంది మాత్రమే. దిశ తెలుసుకోవడానికి అది చాలును గాని, ఫలానా మనిషికి ఏమవుతుందో జోస్యం చెప్పడానికి చాలదు.

రెండవది, పరిమాణం తగ్గడమంటే మెదడు చెడిపోవడం కాదు. కణజాలంలోని నీటి ప్రమాణం మారినా కొలత మారుతుంది. ఆ తరువాత అనేక అధ్యయనాలను కలిపి చూసిన సమీక్షలలో, హార్మోన్ చికిత్స వల్ల ఆలోచనాశక్తి క్షీణించినట్లు ఆధారం కనబడలేదు. మనోభావాల తీవ్రత, కోరికలు కొందరిలో మారవచ్చు. ఆ సంగతిని ముందుగానే వైద్యునితో మాట్లాడుకోవాలి.

మూడవది, ఏ స్కానింగూ ఒక మనిషి స్త్రీయో పురుషుడో తీర్పు చెప్పలేదు. టెల్ అవీవ్ విశ్వవిద్యాలయానికి చెందిన డఫ్నా జోయెల్ బృందం 1,400కు పైగా మెదళ్ళ చిత్రాలను పరిశీలించి, అధికశాతం మెదళ్ళలో ‘ఆడ’ లక్షణాలూ ‘మగ’ లక్షణాలూ కలగలిసి ఉన్నాయని 2015లో తెలిపింది. పైగా ఆ తల్లి సంతానం తన మాట చెప్పింది ఒక్క మాత్రయినా మింగక ముందే. ఆ మాటను పుట్టించింది మందు కాదు. ఎవరి లింగ గుర్తింపును వారే నిర్ణయించుకునే హక్కును మన సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న అంగీకరించినప్పుడు మెదడు పరీక్షను అడగలేదు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. సిగ్గుపడి, భయపడి, తెలిసినవారు చెప్పిన మాత్రలను మందుల దుకాణంలో కొని వాడటం ప్రమాదకరం. ఈస్ట్రోజన్ వల్ల రక్తనాళాలలో గడ్డలు కట్టే ప్రమాదం పెరగవచ్చు. టెస్టోస్టిరోన్ వల్ల రక్తం చిక్కబడవచ్చు. సైప్రోటిరోన్ అనే మందును పెద్ద మోతాదులో దీర్ఘకాలం వాడితే మెదడు పొరలలో కణితి ఏర్పడే ముప్పు ఉన్నదని తేలింది. కనుక మోతాదు నిర్ణయించవలసినది వైద్యుడే. రక్తపరీక్షలు క్రమం తప్పకూడదు. ప్రభుత్వాలు ఈ చికిత్సకూ, ముందు వెనుకల సలహాకూ ఏర్పాటు చేయాలని 2019 నాటి చట్టం పేర్కొన్నది. ఇంట్లో మాట్లాడే వీలున్న బిడ్డ ఆసుపత్రికి వస్తుంది. తలుపు మూసిన ఇంటి బిడ్డ దుకాణానికి పోతుంది.

చివరగా, ఆనాడు నాకు తెలియక చెప్పలేకపోయిన ఒక సంగతి. 2017లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, స్పెయిన్‌లో ఎల్సెలీన్ హుక్జెమా తదితరులు తొలిచూలు స్త్రీల మెదళ్ళను గర్భధారణకు ముందూ, ప్రసవం తరువాతా పరీక్షించారు. ఎదుటివారి మనసును గ్రహించే పనిలో పాల్గొనే భాగాలలో బూడిదరంగు పదార్థం తగ్గినది. ఆ మార్పు కనీసం రెండేళ్ళు నిలిచినది. జ్ఞాపకశక్తి మాత్రం తగ్గినట్లు తేలలేదు.

ఆ తల్లి ఈ సభలో ఉన్నదో లేదో నాకు తెలియదు. ఉంటే, దుబాసీగా కాక నా సొంత మాటగా చెబుతున్నాను. అమ్మా, ఆ బిడ్డను కడుపున మోసిననాడు నీ మెదడూ మారింది. అట్లని నీవు నీ తల్లిని మరిచిపోలేదు. నీ బిడ్డ కూడా నిన్ను మరిచిపోదు. ఆసుపత్రికి ఒంటరిగా పంపకు, వెంట వెళ్ళు.