పిల్లల ఎదుగుదల పరీక్ష: భయం వద్దు, ఆలస్యం వద్దు

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో పొదుపుల లెక్క, అప్పుల లెక్క, వసూళ్ళ లెక్క చెప్పుకుంటాం. ఈసారి ఇంకో లెక్క గురించి కూడా మాట్లాడమని గ్రామ సమాఖ్యల నుంచి అడిగారు. అది మన పిల్లల ఎదుగుదల లెక్క. పిల్లాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్తే "ఎదుగుదల పరీక్ష చేయించండి, ఆక్యుపేషనల్ థెరపీ కావాలి" అంటున్నారు, అసలు ఆ పరీక్ష ఏమిటి, దాంతో ఏం తేలుతుంది అని చాలామంది తల్లులు మమ్మల్ని అడిగారు. మేం తెలుసుకున్నంత వరకు మీ ముందు పెడుతున్నాం.

మన ఇళ్ళలో ఒక మాట ఉంది. పిల్లాడికి ఏడాదిన్నర దాటినా నడక రాకపోతే, రెండేళ్ళు నిండినా మాట రాకపోతే "వాళ్ళ నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయిలే" అనేస్తాం. ఆ మాట ఒక్కోసారి నిజమే అవుతుంది. నిజం కానప్పుడు నష్టపోయేది పిల్లాడు. మొదటి మూడేళ్ళలో మెదడు ఎదిగినంత వేగంగా ఆ తర్వాత ఎదగదు. ఆ వయసులో సాయం అందితే పట్టు దొరికే పని, ఆరేళ్ళకి మొదలుపెడితే చాలా కష్టమవుతుంది. ఏది మామూలు ఆలస్యం, ఏది పట్టించుకోవాల్సిన ఆలస్యం అని తేల్చుకోవడానికే ఈ పరీక్షలు.

ముందు ఆక్యుపేషనల్ థెరపీ అంటే ఏమిటో చూద్దాం. పేరు వింటే ఉద్యోగానికి సంబంధించినదేమో అనిపిస్తుంది. పిల్లల విషయంలో పని అంటే ఆడుకోవడం, అన్నం తినడం, చొక్కా తొడుక్కోవడం, పలక మీద రాయడం. ఇవి పిల్లాడు తనంతట తాను చేసుకునేలా చేతిని, కంటిని, ఒంటిని సాధన చేయించేవారే ఆక్యుపేషనల్ థెరపిస్టు. మన దేశంలో ఈ చదువు 1950లో ముంబైలో మొదలైంది.

ఇక పరీక్ష సంగతి. చెరువులో పిల్ల వేసిన రైతు పట్టుబడి దాకా ఊరికే కూర్చోడు. మధ్యలో వల వేయించి నాలుగు చేపలు తీసి తూకం చూస్తాడు. ఇన్ని రోజులకి ఇంత బరువు రావాలి, వచ్చిందా లేదా? రాకపోతే మేత చూస్తాడు, నీళ్ళు చూస్తాడు. ఆ తూకం చేపకి శిక్ష కాదు, రైతుకి దారి. ఎదుగుదల పరీక్ష కూడా అలాంటిదే.

అయితే ఇన్ని నెలలకి ఇంత రావాలి అని ఎవరు చెప్పారు? వందలాది మామూలు పిల్లల్ని చూసి, ఏ వయసుకి ఎంతమంది ఏ పని చేస్తున్నారో రాసి, ఆ లెక్క మీద పరీక్ష తయారు చేస్తారు. అమెరికాలో 1967లో డెన్వర్ పరీక్ష వచ్చింది. 1969లో నాన్సీ బేలీ అనే ఆవిడ పేరున బేలీ స్కేల్స్ వచ్చాయి. అక్కడి పిల్లల లెక్క మన పిల్లలకి సరిపోతుందా అనే ప్రశ్న అప్పుడే వచ్చింది. అందుకే బరోడాలో ప్రమీలా ఫాటక్ గారు మన దేశపు పిల్లల్ని పరీక్షించి ప్రమాణాలు తయారు చేశారు. 1970 నాటి ఆ ప్రమాణాలను సవరించి 1997లో డీఏఎస్ఐఐ అనే పరీక్షగా తెచ్చారు. పుట్టినప్పటి నుంచి 30 నెలల దాకా చూసే పరీక్ష ఇది. ఒంటి కదలికలకి 67 అంశాలు, బుద్ధికి, మాటకి సంబంధించినవి 163 అంశాలు ఉంటాయి.

ఇంత పెద్ద పరీక్ష ప్రతి ఊళ్ళో చేయలేరు కదా. అందుకే తిరువనంతపురంలోని చైల్డ్ డెవలప్‌మెంట్ సెంటర్ వాళ్ళు బరోడా ప్రమాణాల నుంచి 17 అంశాలు ఏరి, రెండేళ్ళలోపు పిల్లలకి ఒక చార్టు చేశారు. మనిషిని చూసి నవ్వుతున్నాడా, మెడ నిలిపాడా, ఒక చేతిలోది ఇంకో చేతిలోకి మార్చుకుంటున్నాడా, చిన్న గింజని రెండు వేళ్ళతో పట్టుకుంటున్నాడా, రెండు మాటలైనా అంటున్నాడా, ఇలాంటివే. పిల్లాడి వయసు దగ్గర నిలువుగా గీత గీస్తారు. ఆ గీతకి ఎడమవైపున్న పనులన్నీ పిల్లాడు చేస్తూ ఉండాలి. ఒక్కటి చేయకపోయినా పెద్ద పరీక్షకి పంపుతారు. చార్టు జల్లెడ లాంటిది. జల్లెడలో నిలిచినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. పూర్తిగా చూడాలని మాత్రమే అర్థం.

ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. పిల్లలందరూ ఒకే రోజు నడవరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో పాటు అయిదు దేశాల పిల్లల్ని చూసి 2006లో చెప్పిన లెక్క ప్రకారం, ఆసరా లేకుండా నడవడం 8 నెలల నుంచి 17 నెలలు దాటేదాకా ఎప్పుడైనా రావచ్చు. కాబట్టి పక్కింటి పిల్లతో పోల్చి బెంగపడొద్దు. ఆ గడువు కూడా దాటిపోతే మాత్రం ఊరుకోవద్దు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకి వయసు వేరేగా లెక్కేస్తారు. రెండు నెలలు ముందు పుట్టిన బిడ్డకి పది నెలలు వస్తే ఎనిమిది నెలల బిడ్డగానే చూడాలి. రెండేళ్ళు వచ్చేదాకా ఈ సవరణ చేస్తారు. ఆ సంగతి మనమే ముందుగా చెప్పాలి.

పరీక్ష గదిలో చాలామంది తల్లులకి కోపం వస్తుంది. "ఇంట్లో చేస్తాడండీ, కాస్త చూపిస్తే చేస్తాడు" అంటాం. వాళ్ళు చూపించరు, మనల్నీ చూపించనివ్వరు. అందరు పిల్లల్నీ ఒకే వస్తువుతో, ఒకే మాటతో, ఒకే తీరున అడిగితేనే కొలత సరిగ్గా వస్తుంది. ఒక కాటాలో రాయి పెట్టి, ఇంకో కాటాలో వేలు పెట్టి తూస్తే ఎలా ఉంటుందో, మనం సాయం చేస్తే అలా ఉంటుంది. కానీ ఇంట్లో ఏం చేస్తాడో చెప్పే హక్కు మనకుంది. కొన్ని పరీక్షల్లో తల్లి చెప్పిన జవాబులే కొలత. అక్కడ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, ఎక్కువా వద్దు, తక్కువా వద్దు.

పరీక్షకి లోట్లూ ఉన్నాయి. మెట్లెక్కమని అడుగుతారు. మెట్లే లేని ఇంట్లో పెరిగిన లంక పిల్లాడు ఎక్కకపోతే అది చేతగానితనమా, అలవాటు లేకపోవడమా? చెంచాతో తినమంటారు. మన పిల్లలు చేత్తో తింటారు. జ్వరం వచ్చిన రోజు, నిద్ర చాలని రోజు, కొత్త మనుషుల్ని చూసి బెదిరిన రోజు పిల్లాడు సగమే చేస్తాడు. ఇవన్నీ థెరపిస్టుకి చెబితే రాసుకుంటారు, అవసరమైతే ఇంకో రోజు చూస్తారు. ఒక్క పరీక్షతో పిల్లాడి బతుకు తేల్చేయకూడదు.

ఇప్పుడు కాస్త కష్టమైన మాట. సదరం సర్టిఫికెట్ కోసం చేసే పరీక్ష వేరు, థెరపీ కోసం చేసే పరీక్ష వేరు. పింఛను మన పిల్లల హక్కు, 2016 చట్టం కింద వచ్చే సౌకర్యాలన్నీ హక్కే. కానీ శాతం తగ్గుతుందేమోనని థెరపీ మానిపించడం, పేరు పడుతుందేమోనని పరీక్షకే తీసుకెళ్ళకపోవడం, రెండూ మా దృష్టికి వచ్చాయి. ఆడపిల్లైతే "రేపు సంబంధాలు రావు" అని దాచిపెడుతున్నారు. దాచితే ఎదుగుదల ఆగుతుంది గానీ ఆలస్యం ఆగదు. పేరు కంటే పిల్ల ముఖ్యం.

ఒక చోట పరీక్ష చేసి, అంకెలున్న కాగితం చేతికిచ్చి పంపేశారని ఒక తల్లి చెప్పింది. అలా పంపేస్తే కదలొద్దు. నాలుగు మాటలు అడగండి. ఏ పరీక్ష చేశారు? మా పిల్లాడికి ఏవి వస్తున్నాయి, ఏవి రావడం లేదు? ఇంట్లో మేం రోజూ ఏం చేయించాలి? మళ్ళీ ఎప్పుడు కొలుస్తారు? ఈ నాలుగింటికి జవాబు వస్తేనే పరీక్ష పూర్తయినట్టు.

ఇంట్లో చేయించేవాటికి డబ్బు అక్కర్లేదు. పిండి ముద్ద పిసికించడం, చెంబుతో నీళ్ళు ఒంపించడం, బట్టల క్లిప్పులు పెట్టించడం, మన కళ్ళ ముందే శనగలు ఏరించడం, ఇవన్నీ చేతికి సాధనే. ఏది, ఎంతసేపు అనేది థెరపిస్టు చెప్పినట్టు చేయాలి.

ఎక్కడికి వెళ్ళాలి? 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లల్ని ఉచితంగా చూడాలి. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి వైద్య బృందం రావాలి. అనుమానం ఉన్న పిల్లల్ని జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి, అంటే డీఈఐసీకి పంపాలి. బడి వయసు పిల్లలకి భవిత కేంద్రాలున్నాయి. 2022 ఏప్రిల్‌లో మన మండలం కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. కాబట్టి పాత కాగితాలున్నవాళ్ళు వాటిని పారేయకుండా వెంట తీసుకెళ్ళండి. పాత కొలత ఉంటేనే కొత్త కొలతకి విలువ.

చివరిగా సభ ముందు మూడు ప్రతిపాదనలు పెడుతున్నాం. ఒకటి, ప్రతి గ్రామ సమాఖ్య మూడు నెలలకోసారి అంగన్‌వాడీ టీచరుతో, ఆశా కార్యకర్తతో కూర్చుని తల్లీబిడ్డల కార్డులో ఎదుగుదల పేజీ నింపారో లేదో చూడాలి. రెండు, పరీక్షకి, థెరపీకి వెళ్ళే తల్లికి దారి ఖర్చులకు సమాఖ్య నిధి నుంచి వడ్డీ లేకుండా చేబదులు ఇవ్వాలి. కూలి పోతుందని థెరపీ మధ్యలో మానేస్తున్నవాళ్ళే ఎక్కువ. మూడు, మొదటిసారి వెళ్ళే తల్లి వెంట సంఘం నుంచి ఒకరు తోడు వెళ్ళాలి. అడగాల్సినవి అడగడానికి పక్కన ఇంకో గొంతు ఉంటే ధైర్యం.

అప్పు వాయిదా ఒక నెల తప్పితే మర్నాడే ఇంటికి వెళ్ళి కనుక్కునే అలవాటు మన సంఘాలకుంది. బిడ్డ ఎదుగుదల వాయిదా తప్పినప్పుడు కూడా అంతే తొందరగా వెళ్దాం. ఈ మూడు ప్రతిపాదనలనూ ఆమోదించాలని కోరుతున్నాం.