నొప్పి లేని వ్యాధితో సహవాసము

నా యుదరములోని బృహద్ధమని నేడు 4.3 సెంటీమీటర్ల వెడల్పున్నది. హృదయమునుండి దేహమునకెల్ల రక్తమును గొనిపోవు నీ నాళము ఉదరభాగమున సామాన్యముగా 2 సెంటీమీటర్లుండును. 3 సెంటీమీటర్లకు చేరినచో వైద్యులు దానిని ఎన్యూరిజమ్ అందురు. మనము ధమని యుబ్బు అనుకొనవచ్చును. సైకిలు ట్యూబు ఒకచోట పలుచనై బుడ్డవలె లేచుట చూచినవారికి వేరు వర్ణన యక్కరలేదు.

మూత్రపిండములలో రాయి కలదేమో యని 2021లో ఆత్మకూరున స్కానింగు తీయించుకొనగా నిది బయటపడినది. అప్పుడు 3.8. నొప్పి లేదు, జ్వరము లేదు, ఆకలి మందగింపలేదు. ఈ వ్యాధిలోని మోసమంతయు నచ్చటనే యున్నది. బాధించు వ్యాధి మనలను వైద్యునికడకు తానే నడిపించును, ఇది నడిపింపదు. ఏటేట మనమే పోయి కొలిపించుకొనవలెను. ఆత్మకూరు వైద్యుడు నన్ను నెల్లూరునకు పంపెను. మా యుదయగిరినుండి సుమారు నూరు కిలోమీటర్లు. పోయినసారి బాగుగనే యున్నదిగదా, ఈ యేడు మానుదమా యను తలంపు ప్రతి సంవత్సరము వచ్చును. కాగితముల సంచి భద్రపరచిన మా యింటావిడ ఆ తలంపును సాగనీయదు.

ఒకే నాళమును ఇద్దరు కొలిచిన రెండు మూడు మిల్లీమీటర్ల భేదము రావచ్చును. కావున వీలయినంతవరకు ఒకేచోట కొలిపించుకొని, పాత కాగితములను వెంట గొనిపోవలెను. పురుషులలో 5.5, స్త్రీలలో 5 సెంటీమీటర్లకు చేరినను, త్వరితముగా పెరిగినను శస్త్రచికిత్స యోచింతురు. 1948లో ఐన్‌స్టయిన్ పండితునికి ఈ యుబ్బునే రుడాల్ఫ్ నిస్సెన్ సెలోఫేనుతో చుట్టెను. 1955లో నది పగిలి యాయన మరణించెను. నేడు తొడనాళము గుండ గొట్టమును పంపి లోపలనే యమర్చు పద్ధతియు గలదు.

మా సీమలో నీ మాట చెప్పుట కొంచెము కష్టము. కలిగిరిలోను డి.సి. పల్లిలోను పొగాకు వేలము కేంద్రములున్నవి. ఆ పంటమీద నెన్నియో కుటుంబములు బ్రదుకుచున్నవి. అయినను మనము మానుకొనగల కారణములలో పొగత్రాగుటయే మొదటిది. పండించువారిని నిందింపను, మా పొలమునను పండినది. చుట్ట మాత్రము ఆ యేడే పారవైచితిని. రక్తపుపోటు మాత్రలు తప్పక వేసికొనుచున్నాను. నడవవలదని వైద్యుడనలేదు, బస్తాలెత్తవలదనెను.

ఇంటివారికి నేను నేర్పినది యొక్కటే. ఆకస్మికముగా నడుములోగాని కడుపులోగాని తీవ్రమైన నొప్పి పుట్టి, చెమటలు పోసి, కన్నులు తిరిగినచో, వాయువని సోడా త్రాగింపరాదు. వెంటనే 108కి ఫోను చేసి, ధమని యుబ్బు గలదని మొదటనే చెప్పి, ఆ సంచిని వెంట నుంచవలెను.

ఈ వ్యాధి కొన్ని కుటుంబములలో తోబుట్టువులకును వచ్చును. నా తమ్మునికి అరువదియైదేండ్లు నిండినవి, చుట్ట మానలేదు. మూడేండ్లుగా పిలుచుచున్నాను. “కనబడినచో భయము, కనబడకున్న ఖర్చు దండుగ గదన్నా” యనును. వచ్చు నెలలో నా కొలత గడువు. ఇద్దరికిని బస్సు టిక్కెట్లు నేనే తీయుదునని చెప్పితిని. ఇంకను సమాధానమీయలేదు.