నల్లా కట్టేయడం మనకూ తెలియాలి
(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ నేను వంటల గురించీ, కుట్లు అల్లికల గురించీ చెప్పబోవడం లేదు. నల్లాల గురించి చెబుతాను. కోస్తా జిల్లాల వారు కుళాయి అంటారు, మా బాన్సువాడలో నల్లా అంటాం. పేరేదైనా, అది పాడైతే ఇంట్లో ముందు ఇబ్బంది పడేది ఆడవాళ్ళమే. అంట్లు ఆగిపోయేది మనకి, బట్టలు నానిపోయేది మనకి. కాని దాన్ని బాగు చేయించే పని మాత్రం "ఆయన వచ్చాక చూస్తారులే" అని వదిలేస్తాం. ఆయన సాయంత్రానికి వచ్చేవారైతే సరే. రెండేళ్ళకో మూడేళ్ళకో వచ్చేవారైతే?

మా బాన్సువాడ 2016 అక్టోబరు దాకా నిజామాబాదు జిల్లాలో ఉండేది, ఇప్పుడు కామారెడ్డి జిల్లా. మా చుట్టుపక్కల పల్లెల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారు ఎంతోమంది. అబూధాబి వెళ్ళినా, మస్కట్ వెళ్ళినా, మా వైపు అందరూ "దుబాయి పోయిండు" అనే అంటారు. మేం మాత్రం నిజంగానే దుబాయి వెళ్ళాం. మావారికి అక్కడ ఒక కంపెనీలో లెక్కలు రాసే ఉద్యోగం దొరికితే 2010లో నేనూ, మా అమ్మాయీ వెంట వెళ్ళి నాలుగేళ్ళు ఉండి వచ్చాం. కరామా అనే పేటలో ఒక పాత భవనంలో మూడో అంతస్తులో మా ఇల్లు.

నేను మెట్రిక్ దాకా చదువుకున్నాను. ఇల్లు దిద్దుకోవడం వచ్చుననే ధైర్యంతోనే విమానం ఎక్కాను. అక్కడికి వెళ్ళాక మొదటి వింత నీళ్ళే. ఆ నీరు సముద్రం నుంచి ఉప్పు తీసేసి పంపే నీరు. మేడ మీద తొట్టిలోకి ఎక్కి, అక్కడి నుంచి ఇళ్ళలోకి వస్తుంది. జూన్, జూలై నెలల్లో ఎండకి ఆ తొట్టి కాగి, చన్నీళ్ళ నల్లా తిప్పితే చేతులు కాలేవి. అక్కడి ఆడవాళ్ళు ఒక ఉపాయం చెప్పారు. వేసవి రాగానే గీజరు కట్టేయాలి. గీజరు డబ్బా ఇంటి లోపల ఉంటుంది కనుక అందులో నిలిచిన నీరు కొంచెం చల్లబడుతుంది. అప్పుడు వేడినీళ్ళ నల్లా తిప్పితే చన్నీళ్ళు, చన్నీళ్ళ నల్లా తిప్పితే వేడినీళ్ళు! మా అత్తగారికి ఫోనులో ఈ సంగతి చెబితే "గదేం దేశం బిడ్డా, అన్నీ ఉల్టానే" అని నవ్వారు.

ఆ నవ్వు ఎక్కువ కాలం నిలవలేదు. 2011 జూలైలో ఒక మధ్యాహ్నం నేను పప్పు పొయ్యి మీద పెట్టి, అమ్మాయికి జడ వేస్తున్నాను. వంటింట్లో టప్‌మని చప్పుడైంది. వెళ్ళి చూద్దును కదా, సింకు కింద నల్లాకు వెళ్ళే సన్న గొట్టం పగిలి నీళ్ళు చిమ్ముతున్నాయి. బియ్యం డబ్బా తడిసిపోయింది. గుడ్డ చుట్టాను, గుడ్డని నెట్టేసి కొట్టింది. చేత్తో అదిమిపట్టాను, మోచేతుల దాకా కారింది. మావారికి ఫోను చేస్తే ఎత్తలేదు. కింద కాపలాదారు కోసం పరుగెత్తాను, అతను ఎక్కడికో వెళ్ళాడు. నేను తిరిగి వచ్చేసరికి నీళ్ళు గదిలోకి పాకాయి.

ఇంతలో కింది ఇంటి సూడాన్ దేశపు ఆవిడ పైకి వచ్చి తలుపు బాదుతూ "మోయా! మోయా!" అని కేకలు. నాకు అరబ్బీ రాదు. కాని ఆవిడ చేయి పైకప్పు వైపు చూపించడం చూసి, మోయా అంటే నీళ్ళని తెలిసిపోయింది. మా నీళ్ళు వాళ్ళ ఇంట్లో కారుతున్నాయి.

ఆవిడ నాతో మాట్లాడుతూ నిలబడలేదు. తిన్నగా మా స్నానాలగదిలోకి వెళ్ళి, తలుపు పైన గోడ మూలకు చేయి చాపి, అక్కడున్న ఎర్ర పిడిని పట్టుకుని ఒక్క తిప్పు తిప్పింది. వంటింట్లో చప్పుడు ఆగిపోయింది.

నేను సిగ్గుపడిన సంగతి మీకు దాచకుండా చెబుతాను. ఎనిమిది నెలలుగా నేను ఆ ఎర్ర పిడికి తాడు కట్టి తడి బట్టలు ఆరేస్తున్నాను! అది ఇంటి నీళ్ళన్నిటికీ తాళం అని నాకు తెలియదు. అడగాలని తోచనే లేదు.

సాయంత్రం బాగుచేసేందుకు ఒకతను వచ్చాడు. ఉర్దూలో మాట్లాడుతున్నాడు. మా అమ్మాయి నీళ్ళలో తప్పటడుగులు వేస్తుంటే నేను తెలుగులో కోప్పడ్డాను. అతను పానా కింద పెట్టి, "అక్కా, మీదే ఊరు?" అన్నాడు. బాన్సువాడ అన్నాను. "మాది ఎల్లారెడ్డి దిక్కు పల్లె" అన్నాడు. ఇక చూడండి, చాయ్ పెట్టకుండా ఎలా ఉంటాను?

చాయ్ తాగుతూ అతనన్నాడు: "ఇంటికి పోక మూడేండ్లాయె అక్కా. రోజుకు ఎనిమిది, పది ఇండ్లల్ల నల్లాలు బాగుచేస్త. మా ఇంట్ల బోరు ట్యాంకు కింది నల్లా ఆరు నెల్ల సంది కారుతనే ఉన్నది. నువ్వొచ్చినంక చూడు అంటది మా ఇంటామె."

నేను ఆగలేక, ఆమెకు ఫోను కలపమన్నాను. "అమ్మా, ఎవరినైనా పిలిపించి బాగుచేయించుకోకపోయావా?" అని అడిగాను. ఆమె కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "మొగడు ఊర్ల లేనప్పుడు పరాయి మొగాయన్ని ఇంట్లకు పిలిస్తే నలుగురు నాలుగు మాటలంటరక్కా. నల్లా కారితే కారనీ" అంది.

సోదరీమణులారా, ఆ మాట నేను ఇప్పటికీ మరచిపోలేదు. చేతకాక కాదు, బద్ధకం కాదు. మాట పడతానేమోనన్న భయంతో ఆరు నెలలుగా ఒక ఇల్లాలు నీళ్ళు పోగొట్టుకుంటోంది. గంటకు పావు లీటరు కారే నల్లా రోజుకు ఆరు లీటర్లు పోగొడుతుంది. నెలకు 180 లీటర్లు, అంటే పదిహేను లీటర్ల బిందెలు పన్నెండు. ఆమె భర్త దూరదేశంలో చెమటోడ్చి పంపిన డబ్బుతో వేయించిన బోరు నీళ్ళవి.

అతను ఆ పూటే ఆమెకు ఫోనులో పని చెప్పడం మొదలుపెట్టాడు. ముందు ట్యాంకు కింది గేటువాల్వు కట్టేయాలి. తర్వాత నల్లా తిప్పి, గొట్టంలో మిగిలిన నీరు వదిలేయాలి. అప్పుడు నల్లా తలకాయను పానాతో విప్పాలి. లోపల అరిగిన వాషరు కనబడుతుంది. దాన్ని చేతిలో పట్టుకుని దుకాణానికి వెళ్ళి, సరిగ్గా అదే కొలత వాషరు తెచ్చి వేసి బిగించాలి. వారం తర్వాత అతను మా భవనంలోనే మరో ఇంటికి పనికి వచ్చి, "చేసింది అక్కా! నల్లా ఆగింది" అని చెప్పిపోయాడు. సంతోషంగానే చెప్పాడు. కాని గుమ్మం దిగుతూ, "ఇగ నాతోని ఏం పని అంటదో ఏమో" అని నవ్వాడు. ఆ నవ్వులో కొంచెం బెంగ కూడా ఉంది.

మావారు కూడా ఆ రాత్రి, "ఫోను ఎత్తలేకపోయాను, ఎత్తినా ఏం చెప్పేవాణ్ణి? ఆ పిడి సంగతి నాకూ తెలియదు" అని ఒప్పుకున్నారు. కనుక ఇది మగవాళ్ళకు పుట్టుకతో వచ్చే విద్య కాదు. తెలుసుకున్నవారికి వస్తుంది, అంతే.

నిజానికి మన అమ్మమ్మలకు నీళ్ళ పని అంతా తెలుసు. చేదబావి గిలక కిర్రుమంటే ఆముదం వేసేది వాళ్ళే. చేంతాడు తెగితే ముడివేసేదీ, బావిలో పడిన బిందెను పాతాళగరిగెతో తీసేదీ వాళ్ళే. నీళ్ళు గొట్టాల్లో ఇంట్లోకి వచ్చాక మనకు మోత తప్పింది, దానితోపాటు ఆ తెలివిడీ పోయింది. 2016లో మిషన్ భగీరథ మొదలయ్యాక మా పల్లెల్లో కూడా ఇంటింటికీ నల్లాలు వచ్చాయి. నల్లాతోపాటు దాని మర్మం కూడా మనింటికి రావాలి కదా!

ఇక మీకు పనికివచ్చే నాలుగు మాటలు. కొత్త ఊరికి కాపురం వెళ్ళినా, కూతురి పురిటికి అమెరికా వెళ్ళినా, మొదటి రోజే అడగవలసిన ప్రశ్న "ఇంటి మొత్తానికి నీళ్ళు కట్టేసేది ఎక్కడ?" అని. ఫ్లాట్లలో అది స్నానాలగదిలోనో, బయట వసారా గూట్లోనో ఉంటుంది. ఇంగ్లండు ఇళ్ళలో తరచుగా వంటింటి సింకు కిందే ఉంటుంది, దాన్ని స్టాప్ కాక్ అంటారు. చక్రంలాంటి పిడి అయితే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే మూతపడుతుంది. పొడుగు పిడి అయితే, గొట్టం వెంబడి ఉన్నప్పుడు తెరిచినట్టు, గొట్టానికి అడ్డంగా ఉన్నప్పుడు మూసినట్టు. రెండు మూడు నెలలకోసారి దాన్ని మూసి తెరుస్తూ ఉండండి. లేకపోతే బిగుసుకుపోయి, అవసరం వచ్చిన రోజు కదలదు.

నీళ్ళు కరెంటు ప్లగ్గుల దగ్గరికి పారితే, తడి నేలలో అడుగు పెట్టకముందే పొడి చేతులతో మెయిను స్విచ్చి కట్టేయండి. నీళ్ళు కట్టేసినప్పుడు గీజరు కూడా ఆర్పేయడం మరచిపోకండి.

నల్లా మొదట్లో, మర దగ్గర కారుతుంటే తెల్ల టేపు చాలు. పూర్వం మన పనివాళ్ళు రంగు పూసి జనపనార చుట్టేవారు. టేపు చుట్టేటప్పుడు నల్లా బిగించే వైపే చుట్టాలి, ఎదురు చుట్టితే బిగించేటప్పుడు ఊడివస్తుంది.

అద్దె ఇల్లయితే, చేరేముందే కాగితంలో మరమ్మతు ఎవరిదో చదివించుకోండి. దుబాయిలో 2007 నాటి అద్దె చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే మరమ్మతు బాధ్యత ఇంటి యజమానిదే. కాని ఆ "వేరే ఒప్పందం" చాలా కాగితాల్లో ఉంటుంది, చిన్న పనులు మనమీద వేస్తారు. సంతకం పెట్టేది మగవారే అయినా, చదివి వినిపించమని అడగడంలో తప్పులేదు.

చలిదేశాల్లో మరో చిక్కు. నీరు గడ్డకడితే సుమారు నూటికి తొమ్మిది వంతులు ఉబ్బుతుంది. గొట్టాలు అందుకే పగులుతాయి. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ రాష్ట్రంలో తీవ్రమైన చలి పడి, కరెంటు పోయి, ఎన్నో ఇళ్ళలో గొట్టాలు పగిలాయి. మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే డల్లాస్ వైపు కూడా ఈ బాధ తప్పలేదు. అటువంటి రాత్రుల్లో నల్లాను సన్నటి ధారగా వదిలి ఉంచమనీ, సింకు కింది తలుపులు తెరిచి ఇంటి వెచ్చదనం గొట్టాలకు తగలనివ్వమనీ అక్కడివారు చెబుతారు. ఇంకొక మాట, అమెరికా సింకులో చెత్త నలిపే యంత్రం ఉంది కదా అని మునగకాయ పిప్పీ, చింతపండు పిప్పీ వేయకండి. అల్లుడి ఇంట్లో సింకు పూడిపోతే మన మర్యాద కూడా పోతుంది!

చివరగా కింది ఇంటావిడ సంగతి. మర్నాడు మావారూ నేనూ వెళ్ళి, పైకప్పుకు వెల్ల వేయించి ఇస్తామని చెప్పి, కాసిని అరిసెలు ఇచ్చి వచ్చాం. ఆవిడ కోపం పెట్టుకోలేదు. ఎర్రటి పానకం ఒకటి చల్లగా ఇచ్చింది. పుల్లగా, ఎక్కడో తాగిన రుచి. ఏమిటా అని ఆవిడ చూపించిన ఎండు పూరేకులు చూస్తే, అవి మన పుంటికూర, అదే గోంగూర, దాని కాయల మీది ఎర్ర రేకులు! వాళ్ళు కర్కదే అంటారు. మనం ఆకు తింటాం, వాళ్ళు పువ్వు తాగుతారు. ఆ రోజు నుంచి మాకు మాట కలిసింది. భాష మాత్రం నాలుగేళ్ళయినా కలవలేదు.

మేం బాన్సువాడ తిరిగి వచ్చిన రోజు, మా అత్తగారు కాళ్ళకు నీళ్ళిస్తుంటే నేను అడిగిన మొదటి మాట, "అత్తమ్మా, మన ఇంటి గేటువాల్వు ఎక్కడున్నది?" అని. ఆవిడ నావైపు వింతగా చూసి, "నాకేం తెలుసు బిడ్డా, మీ మామ ఉన్నప్పుడు ఆయననే చూసేటోడు" అన్నారు. మామగారు పోయి అప్పటికి ఆరేళ్ళు. ఇద్దరం కలిసి వెతికితే, తులసి గద్దె వెనక మట్టిలో కూరుకుపోయి కనబడింది. మట్టి తీసి, నూనె వేసి, కదిలించడానికి రెండు రోజులు పట్టింది.

మీరు కూడా ఈ పూట పొయ్యి దించాక, మీ ఇంటి నీళ్ళ తాళం ఎక్కడుందో ఒకసారి వెతికి చూడండి. ఇంట్లో ఎదిగిన ఆడపిల్ల ఉంటే, ఆమెను కూడా పక్కన నిలబెట్టుకుని చూపించండి.