ఆక్రమణదారు నుంచి వీధి వ్యాపారి దాకా

(చిరువ్యాపారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో గాజులమ్మేవారు, పండ్ల బండి నడిపేవారు, అత్తరు, సుర్మా అమ్మేవారు ఉన్నారు. మేము ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ పొందినవారము. కనుక ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆనాటి మా ఫైళ్లలో మీకు వ్యాపారి అన్న పేరు లేదు. ‘ఆక్రమణదారు’ అనే రాసేవారము. తొలగింపు ఉత్తర్వులకు నకళ్లు తీసిన చేతులివే.

ఆ మాటను మార్చినది మీవంటివారి సంఘాలే. 1972లో అహ్మదాబాదులో ఇలా భట్ స్థాపించిన ‘సేవా’, మానెక్ చౌక్‌లో కూరగాయలమ్మే స్త్రీల పక్షాన సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1989లో సోదన్ సింగ్ కేసులో ఆ న్యాయస్థానం, వీధిలో అమ్ముకోవడం సహేతుకమైన ఆంక్షలకు లోబడి రాజ్యాంగం 19(1)(జి) అధికరణం ఇచ్చిన హక్కేనని తేల్చింది. అయితే లాఠీకి తీర్పులు చదివే అలవాటు లేదు. 1998లో ‘నాస్వీ’ పేరిట వీధి వ్యాపారుల జాతీయ సంఘం ఏర్పడి, ఊరూరా చెదిరి ఉన్న చిన్న సంఘాలను ఒక్కచోటికి చేర్చింది. 2004లో జాతీయ విధానం వచ్చింది. విధానమంటే సలహా మాత్రమే; పాటించకపోయినా అడిగే నాథుడుండడు. ఇది మేము ఉద్యోగంలో నేర్చిన రహస్యం. సంఘంవారికీ అది తెలుసు. అందుకే చట్టమే కావాలని పట్టుబట్టారు. 2014 మే 1 నుంచి ఆ చట్టం అమలులోకి వచ్చింది.

సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ ఖాళీ చేయించరాదు. తరలించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సరుకు జప్తు చేస్తే జాబితా ఇవ్వాలి. పాడైపోయే సరుకైతే అడిగిన రోజే తిరిగి ఇవ్వాలి. పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులు ఎన్నుకున్నవారే ఉండాలి. వారిలో మూడోవంతు స్త్రీలు. ఆ ప్రతినిధులలో మైనారిటీలకు తగిన స్థానం ఉండాలని కూడా చట్టం స్పష్టంగా చెప్పింది. ఆ స్థానం అడిగి తీసుకోవాలంటే ముందు సర్వే జాబితాలో మన పేరు ఉండాలి కదా!

సర్వేకు మనిషి వచ్చిన రోజున బండిని పక్కవారికి అప్పగించి వెళ్లకండి. ఎదుట ఉన్నవారి పేరే కాగితమెక్కుతుంది.

రేపటి నుంచి జొహర్ నమాజు తరువాత మా ఇంటి వరండాలో దరఖాస్తులు రాసిపెడతాము. ఆధార్ తీసుకురండి. పేరు ఒక కాగితంలో ఒకలా, మరొకదానిలో ఇంకొకలా ఉంటే రెండూ తెండి.