జిగురుకు బలమిచ్చే పొర
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)

నేను మెట్రిక్యులేషను చదివిన రైల్వే గుమాస్తాను, శాస్త్రజ్ఞుణ్ణి కాను. అయినా మన పిల్లలు ఇంజనీరింగు చదువుతున్న ఈ రోజులలో, తరచు వినబడే గ్రాఫీను అనే మాటను మన భాషలో నాలుగు ముక్కలలో చెప్పుకొందామని సాహసించాను.

ముందు ఎపాక్సీ సంగతి. కారే గొట్టమునకు మనం పెట్టే ఎం-సీల్ ఎపాక్సీయే. రెజిను ఒక ముద్ద, దానిని గట్టిపరచేది ఒక ముద్ద. రెండూ కలిపి పిసికితే రాయి అవుతుంది. మా రైలు దారిలో కూడా, సిగ్నళ్ల కోసం ఒక పట్టానుండి మరొక పట్టాకు విద్యుత్తు పారకుండా ఆపవలసిన చోట, అతుకులను ఎపాక్సీ జిగురుతో బిగిస్తారు. విమాన భాగములలో కర్బనపు నారను పట్టి ఉంచేదీ ఇదే. అయితే ఇది గట్టిది గాని పెళుసు. ఒకచోట సన్నని బీట పడితే సాగిపోతుంది. ఆ బీటను ఆపడమెట్లా?

పెన్సిలులోని గ్రాఫైటు, తమలపాకుల కట్టవలె పొరమీద పొర పేర్చిన కర్బనము. ఒక్క పరమాణువు మందము గల ఒక్క పొరే గ్రాఫీను. 2004లో ఇంగ్లండులోని మాంచెస్టరులో ఆండ్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలొవ్ అనేవారు అంటుకొనే టేపుతో గ్రాఫైటును ఒలిచి దానిని వేరు చేశారు. 2010లో వారికి భౌతికశాస్త్రపు నోబెల్ బహుమానము వచ్చింది. అంత పలుచనైనా దానంత దృఢమైన వస్తువు అరుదు.

గ్రాఫైటును గాఢమైన ఆమ్లముతోను, పొటాషియం పర్మాంగనేటుతోను మార్చి, పొరలు విడదీస్తే గ్రాఫీన్ ఆక్సైడు వస్తుంది. 1958లో హమ్మర్స్, ఆఫెమన్ ప్రచురించిన పద్ధతి నేటికీ దీనికి ఆధారము. ఈ పొరలకు ప్రాణవాయువు అంటుకొని ఉంటుంది గనుక నీళ్లలో చక్కగా కలుస్తాయి. ఎపాక్సీలో మాత్రము, మరిగే నీళ్లలో ఒక్కసారిగా పోసిన రాగిపిండివలె ఉండలు కడతాయి. ఉండ కట్టిన చోట బలము రాదు సరిగదా, బీట అక్కడే మొదలుకావచ్చును.

అందుకు ఉపాయము పొర పైభాగమును మార్చడము. అమైను గల సిలేను వంటి రసాయనమును ముందే పొరకు తగిలిస్తారు. దాని ఒక కొస పొరను పట్టుకొంటుంది. రెండవ కొస ఎపాక్సీ గట్టిపడే వేళ దానితో ముడిపడుతుంది. ఇక ఆ పొర జిగురు అల్లికలోనే భాగమైపోతుంది. పాకివచ్చే బీట దానికి తగిలి వంకరలు తిరగవలసివస్తుంది. అందులో దాని జోరు ఖర్చవుతుంది.

మోతాదు ఇంగువ వంటిది. సాధారణముగా నూటికి 1 పాలుకన్న తక్కువే చాలును. ఎక్కువైతే రెజిను చిక్కబడి, గాలి బుడగలు నిలిచి, మళ్లీ ఉండలే. మరొక జాగ్రత్త: గ్రాఫీన్ ఆక్సైడు విద్యుత్తును బాగా పారనివ్వదు, దానిలోని ప్రాణవాయువును తగ్గిస్తే పారనిస్తుంది. పట్టాల అతుకులో విద్యుత్తు పారితే బండి లేని దారిలో బండి ఉన్నట్టు తోచి, సిగ్నలు ఎర్రగానే ఉండిపోతుంది. కనుక ఎక్కడ ఏది వాడవలెనో తెలిసి వాడాలి.

డబ్బామీద గ్రాఫీను అని రాసి ఉంటే చాలదు. ఎంత కలిపారు, ఎట్లా కలిపారు, ఎట్లా పరీక్షించారు అని మన పిల్లలు అడగడము నేర్వాలి. తరతరాలుగా ఈ గడ్డమీద నిలిచిన మనకు ఇందులోని నీతి కొత్తది కాదు: లోపలి గుణము పోగొట్టుకోక, ఇరుగుపొరుగుతో చేయి కలిపినవారి వల్లనే ఊరికి బలము.