యాసతో పాడిన పాట: 'ఏక్ దూజే కే లియే'



హిందీ సినిమా పాటల గురించి బీదరు వాళ్లకు వేరే ఒకరు చెప్పాలా అని మీరు అనుకోవచ్చు. మన ఊళ్లో కిళ్లీకొట్టు దగ్గర హిందీ పాట, పెళ్లి పందిట్లో కన్నడ పాట, ఇంట్లో తెలుగు పాట, పక్కింట్లో మరాఠీ అభంగం. 1956లో రాష్ట్రాలు విడదీసినప్పుడు పాత బీదరు జిల్లా నుంచి జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతాలు ఆంధ్రప్రదేశ్‌లోకి, ఉద్గీరు, నీలంగా బొంబాయి రాష్ట్రంలోకి వెళ్లాయి. మనం మైసూరులో కలిశాం. భాషలు మాత్రం మునుపటిలాగే ఒకే సంతలో తిరుగుతున్నాయి. అందుకే ఈ రోజు మాట్లాడటానికి నేను ఎంచుకున్నది 1981లో వచ్చిన 'ఏక్ దూజే కే లియే' పాటలు. హిందీ రాని కుర్రవాడు హిందీలో పాడే పాటలు అవి.

కథ మీకు తెలుసు. 1978లో కె. బాలచందర్ గారు తెలుగులో తీసిన 'మరోచరిత్ర'కు ఇది హిందీ రూపం. తెలుగులో విశాఖ సముద్రతీరం, తమిళ అబ్బాయి, తెలుగు అమ్మాయి. హిందీలో గోవా, తమిళ అబ్బాయి, ఉత్తరాది అమ్మాయి. రెండింటిలోనూ కమల్‌హాసనే నాయకుడు. తెలుగు చిత్రం మద్రాసులో, బెంగుళూరులో డబ్బింగు లేకుండానే ఏడాదికి పైగా ఆడింది. భాష అర్థం కాని వాళ్లు కూడా కూర్చుని చూశారన్నమాట.

తెలుగులో సంగీతం ఎం.ఎస్. విశ్వనాథన్, పాటలు ఆత్రేయ. హిందీలో లక్ష్మీకాంత్ ప్యారేలాల్, ఆనంద్ బక్షీ. పాత బాణీలను అరువు తెచ్చుకోకుండా వీళ్లు కొత్తగా కట్టుకున్నారు. అది మంచి పని. అయితే పదహారేళ్ల వయసు మీద వచ్చే పాట వరకు నా ఓటు తెలుగుకే. హిందీలో లతా మంగేష్కర్, అనూప్ జలోటా పాడారు. వినసొంపుగా ఉంటుంది, కాదనను. కానీ ఎస్. జానకి గారి గొంతులో ఉన్న ఆ చిలిపితనం, ఆ తొందర అందులో లేవు.

ఇక అసలు విషయానికి వస్తాను. నాయకుడికి బాలసుబ్రహ్మణ్యం చేత పాడించాలని బాలచందర్ గారు అన్నప్పుడు, మద్రాసు నుంచి వచ్చిన ఈ గాయకుడు హిందీ పాటకు న్యాయం చేయగలడా అని లక్ష్మీకాంత్ గారు సందేహపడ్డారట. కథలో కుర్రవాడు హిందీ సరిగా రానివాడే కదా, పలుకులో దక్షిణాది యాస ఉంటే పాత్రకు ఇంకా నప్పుతుంది అని దర్శకుడు పట్టుబట్టారట. ఆ పట్టు నెగ్గింది. 'తేరే మేరే బీచ్ మే' పాటకు బాలు గారికి జాతీయ బహుమతి వచ్చింది. 'శంకరాభరణం' తరువాత ఆయనకది రెండవది. ఆ పాట రాసిన ఆనంద్ బక్షీకి ఫిలింఫేర్ బహుమతి వచ్చింది.

శివరంజని రాగ ఛాయలో నడిచే ఆ పాటలో నాకు నచ్చేది ఒకటుంది. లతా గారి పలుకు నూరిన గంధంలా నున్నగా సాగుతుంది. బాలు గారి పలుకులో ప్రతి అక్షరం కొంచెం నిలబడి, తూకం చూసుకుని కదులుతుంది. మన భాష అజంతం. మాట చివర అచ్చు ఉంటేగాని మన నోటికి తృప్తి ఉండదు. హిందీ మాటలు చాలావరకు హల్లు మీద టక్కున ఆగిపోతాయి. ఆ ఆగే చోట మన నాలుక పడే ఇబ్బంది ఆ పాటలో లీలగా వినిపిస్తుంది. అమ్మాయికి చెప్పాలనుకున్నది పూర్తిగా చెప్పలేకపోతున్న కుర్రవాడి బాధ కూడా అదే కదా.

ఇది మాట్లాడటానికి నాకు కారణం ఉంది. కన్నడ మాధ్యమంలో చదివే మన తెలుగు ఇళ్ల పిల్లలను చూస్తున్నాను. 'చలి' అనే మాటలో చకారాన్ని మనం పళ్లకు తాకించి పలుకుతాం. మరాఠీ పిల్లవాడికీ ఆ ధ్వని ఉంది. కన్నడ పిల్లవాడికి అది వింత. ఆ ధ్వని కన్నడ మాటల్లోకి జారగానే తరగతి అంతా నవ్వుతుంది. ఒక బడిలో ఒక పాప వార్షికోత్సవంలో పాడనని పేరు వెనక్కి తీసుకుంది. గొంతు చక్కనిది. నవ్వుతారని భయం, అంతే. పలుకు దిద్దవద్దని నేను అనను. దిద్దడం మా వృత్తి. అయితే పాడటం మానేసిన పిల్లకు దిద్దడానికి ఏం మిగులుతుంది? బాలు గారిని ఆ రోజు వెనక్కి పంపి ఉంటే, 1989లో 'మైనే ప్యార్ కియా', 1994లో 'హమ్ ఆప్‌కే హై కౌన్' పాటల్లో మెరుగుపడిన ఆ హిందీ పలుకు మనం వినేవాళ్లం కాదు. యాస ముద్దుగా ఉందని మెచ్చుకుని ఊరుకునేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. ఆయన అక్కడ ఆగలేదు, సాధన చేశారు.

లిఫ్టులో వచ్చే పాట 'మేరే జీవన్ సాథీ' సంగతి చెప్పాలి. మొత్తం హిందీ సినిమాల పేర్లు గుదిగుచ్చి అల్లిన పాట. బాలు గారితో అనురాధా పౌడ్వాల్ పాడారు. తెలుగులోనూ ఇదే సన్నివేశంలో తెలుగు సినిమాల పేర్లతోనే ఆత్రేయ గారు పాట కట్టారు. పండితులు దీన్ని గారడీ అంటారు. నేను మాత్రం ఈ చిత్రంలో అతి నిజమైన పాట ఇదే అంటాను. పరాయి భాష నేర్చుకునేవాడు వ్యాకరణంతో మొదలుపెట్టడు. గోడ మీద పోస్టరు చదువుతాడు, బస్సు బోర్డు చదువుతాడు, దొరికిన మాటలన్నీ ఒకచోట పోసి ఎదుటి మనిషికి అందిస్తాడు. బీదరులో ఎంతమంది ఇలా సినిమా పోస్టర్ల మీద తెలుగు చదవడం నేర్చుకున్నారో మీకే తెలుసు.

ఒక చిన్న సరదా. కథలో వాసు ఏడాది గడువులో హిందీ నేర్చుకునేది హైదరాబాదులో! నిజంగా అక్కడి వీధుల్లోనే నేర్చుకుని ఉంటే 'నక్కో', 'హౌ', 'కైకు' అంటూ తిరిగివచ్చేవాడు. సప్నా తల్లి ఏమనేదో గాని, మన బీదరులో మాత్రం వెంటనే చాయ్ పోసి కూర్చోబెట్టేవాళ్లు.

బాలు గారు 2020 సెప్టెంబరు 25న వెళ్లిపోయారు. ఆరు జాతీయ బహుమతులు, నాలుగు భాషల చిత్రాలకు. వాటిలో 1995 కన్నడ చిత్రం 'గానయోగి పంచాక్షరి గవాయి' ఒకటి. గదగు గవాయిగారి జీవితం మీద తీసిన ఆ చిత్రంలో బహుమతి పాట హిందూస్థానీ ఫక్కీలో సాగుతుంది. వీలు దొరికితే మొదట 'తేరే మేరే' విషాద రూపం వినండి. యుగళగీతం కాదు, బాలు గారు ఒక్కరే పాడినది. వెంటనే ఈ గవాయి పాట పెట్టుకోండి. మధ్యలో పద్నాలుగేళ్ల సాధన ఉంది. ఏ పాట గొప్పదన్న దానిపై మా ఇంట్లో వాదన ఇంకా తెగలేదు. నేను మొదటి పాట పక్షం.

సెలవు.